కరెంటు లేనప్పుడు మూడో గేరు

ఆటోమేటిక్ గేరుబాక్సు లోపలి సోలినాయిడ్ల (కరెంటుతో ఆయిల్ దారులను తెరిచి మూసే చిన్న వాల్వుల) గురించి ఎవరైనా అడిగితే, కరెంటు అందినప్పుడు అవి ఏమి చేస్తాయన్నది కాసేపు పక్కన పెట్టి, కరెంటు పూర్తిగా పోయినప్పుడు గేరుబాక్సు ఏమి చేస్తుందో ముందు తెలుసుకోమని చెబుతాను. జనరల్ మోటార్స్ 1993 మోడల్ సంవత్సరం నుంచి వాడుకలోకి తెచ్చిన 4ఎల్60-ఈ అనే నాలుగు గేర్ల గేరుబాక్సులో ఈ ప్రశ్నకు జవాబు చాలా స్పష్టంగా దొరుకుతుంది. లోపలి సోలినాయిడ్లలో ఒక్కదానికీ కరెంటు అందకపోయినా, లీవరు డ్రైవ్‌లో పెడితే బండి మూడో గేరులో ముందుకు కదులుతుంది, రివర్సులో పెడితే వెనక్కి వెళుతుంది, లోపలి ఆయిల్ ఒత్తిడి మాత్రం గరిష్ఠానికి చేరి అక్కడే నిలుస్తుంది. ఇది యాదృచ్ఛికంగా జరిగేది కాదు. వైరు తెగినా, ఫ్యూజు కాలినా, కంప్యూటరు మూగబోయినా మనిషి ఇల్లు చేరాలని ఇంజనీర్లు ముందే ఆలోచించి, ఆ ఆలోచనను స్ప్రింగుల్లోనూ ఆయిల్ దారుల్లోనూ అమర్చి పెట్టారు. ఆ అమరిక తెలిసినవారికి ఈ యంత్రం చూపే లక్షణాల్లో సగం తేలికగా విడిపోతాయి. తెలియనివారు స్కానరులో కనబడిన లోపం కోడు పేరును బట్టి భాగాలు మార్చుకుంటూ పోతారు.

ఈ ఒక్క గేరుబాక్సునే ఎంచుకోవడానికి కారణం ఉంది. నేనుండే టెక్సస్‌లో తెలుగు కుటుంబాలు పెద్ద బండి కావాలనుకున్నప్పుడు పాత టాహో, సబర్బన్ వంటివి కొనడం మామూలే. 1990ల చివర, 2000ల మొదట్లో తయారైన అలాంటి బండ్లలో చాలావాటి కింద ఉన్నది ఇదే. మా గ్యారేజీ బల్ల మీద విప్పి పెట్టిన పాతది ఒకటుంది. సెలవు దొరికినప్పుడు దాని వాల్వ్ బాడీని (ఆయిల్ దారులు, వాల్వులు ఉండే లోహపు దిమ్మను) ముందు పెట్టుకుని, సర్వీసు మాన్యువల్‌లోని ఆయిల్ పటాలతో ఒక్కొక్క దారినీ పోల్చి చూడడం నాకు ఎంతో ఇష్టమైన పని.

దీని పూర్వరూపం 1982 మోడల్‌లో వచ్చిన 700ఆర్4. అందులో గేరు మార్పును నిర్ణయించేవి రెండే ఒత్తిళ్లు. బయటికి వచ్చే షాఫ్టుతో పాటు తిరిగే గవర్నరు వేగానికి తగిన ఒత్తిడిని ఇచ్చేది. కాలి కింది యాక్సిలరేటరుకు కట్టిన కేబులు, ఇంజను మీద ఎంత భారం పడుతోందో తెలిపే ఒత్తిడిని ఇచ్చేది. ఈ రెండూ ఒక వాల్వుకు చెరో వైపు నుంచి తోస్తే, ఏది గెలిస్తే ఆ గేరు. ఆ కేబులును సరిగ్గా బిగించకపోతే ఒత్తిడి చాలక క్లచ్ పలకలు కొద్దికాలంలోనే కాలిపోయేవి. 4ఎల్60-ఈలో గవర్నరు స్థానాన్ని స్పీడ్ సెన్సారు, కేబులు స్థానాన్ని ఇంజను సెన్సార్ల నుంచి లెక్క కట్టే కంప్యూటరు తీసుకున్నాయి. వాల్వులు, క్లచ్‌లు, బ్యాండు, గ్రహ గేర్ల చక్రాలు చాలావరకు పాతవే. క్లచ్‌ను బిగించే బలం నేటికీ ఆయిల్‌దే. సోలినాయిడ్ చేసేది ఆ ఆయిల్‌కు దారి చూపించడం మాత్రమే. ఈ తేడా గుర్తుంటే ముందు చెప్పబోయేదంతా సులువవుతుంది.

గేర్లు మార్చే సోలినాయిడ్లు ఇందులో రెండు: ఏ, బి. రెండూ ఒకే రకానివి. తీగచుట్ట మధ్యలో ఒక చిన్న ప్లంజరు, దాని కొసన ఒక చిన్న గోళీ ఉంటాయి. కరెంటు లేనప్పుడు దారి తెరిచి ఉంటుంది కనుక, సన్నటి రంధ్రం గుండా వచ్చే ఆయిల్ సోలినాయిడ్ లోంచి కారి కింద ఉండే పాన్ అనే ఆయిల్ పళ్లెంలోకి పోతుంది, వాల్వు మీద ఒత్తిడి నిలవదు. కరెంటు అందగానే ప్లంజరు ఆ గోళీని తన పీఠానికి అదిమి పట్టి దారి మూసేస్తుంది, వెనక ఒత్తిడి పెరిగి షిఫ్ట్ వాల్వును స్ప్రింగుకు ఎదురుగా తోస్తుంది. ఇగ్నిషన్ వేసినంతసేపూ వీటికి 12 వోల్టుల కరెంటు ఒక వైపు నుంచి అందుతూనే ఉంటుంది. కంప్యూటరు చేసేది రెండో వైపును ఎర్త్‌కు కలపడం, విడదీయడం మాత్రమే. మొదటి గేరులో ఏ, బి రెండింటికీ కరెంటు ఉంటుంది. రెండో గేరుకు ఏ ఆగుతుంది, బి కొనసాగుతుంది. మూడో గేరులో రెండూ ఆగిపోతాయి. నాలుగో గేరులో ఏ మళ్లీ పని చేస్తుంది, బి ఆగి ఉంటుంది. రెండు స్విచ్చులతో నాలుగు గేర్లు ఇలా కుదిరాయి, అందులో రెండూ ఆగిన స్థితి మూడో గేరుకు దక్కింది.

ఆ స్థితిని మూడో గేరుకే ఎందుకు కేటాయించారో లెక్క వేసి చూస్తే ఆ నిర్ణయం మీద నాకు గౌరవం పెరుగుతుంది. ఈ గేరుబాక్సు నిష్పత్తులు వరుసగా 3.06, 1.63, 1.00, 0.70. హైవే మీద నాలుగో గేరులో, టార్క్ కన్వర్టరు (ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించే భాగం) లాకై, అంటే జారుడు లేకుండా ఇంజనుతో నేరుగా కలిసిపోయి ఉన్న స్థితిలో ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఆ క్షణంలో ఫ్యూజు కాలి కరెంటు పోయిందనుకుందాం. మూడో గేరుకు పడితే ఇంజను సుమారు 2,860 చుట్లకు వస్తుంది. డ్రైవరు ఉలిక్కిపడతాడేమో కానీ ఏమీ విరగదు. అదే కరెంటు లేని స్థితిని మొదటి గేరుకు ఇచ్చి ఉంటే, అదే వేగానికి నిష్పత్తి ప్రకారం రావలసిన చుట్లు 8,700కు పైగా ఉంటాయి, ఆ వేగంలో ఆ గేరు ఏ విధంగానూ పనికిరాదు. మరోవైపు నాలుగో గేరుకు ఇచ్చి ఉంటే హైవే మీద బాగానే ఉండేది కానీ, ఆగిన చోటు నుంచి బరువైన బండిని కదిలించడం చాలా కష్టమయ్యేది. మూడో గేరులో బండి మందకొడిగా కదులుతుంది, కానీ టార్క్ కన్వర్టరు తన వంతు బలాన్ని జోడిస్తుంది కనుక కదులుతుంది. రివర్సుకు అసలు ఈ రెండు సోలినాయిడ్లతో పని లేదు. లీవరుకు కట్టిన మాన్యువల్ వాల్వే ఆయిల్‌ను నేరుగా అక్కడికి పంపుతుంది.

ఒత్తిడిని నియంత్రించే సోలినాయిడ్ సంగతి వేరు. అది కేవలం తెరుచుకునేదో మూసుకునేదో కాదు. కంప్యూటరు దానికి సెకనుకు సుమారు 300 సార్లు కరెంటును వేసి తీస్తూ, ప్రతిసారీ ఎంతసేపు వేయాలో మార్చుతూ, సగటు కరెంటును 0 నుంచి 1.1 ఆంపియరు వరకు తనకు కావలసిన చోట నిలుపుతుంది. ఇక్కడ కూడా అమరిక తలకిందులుగా కనిపిస్తుంది: 1.1 ఆంపియరు దగ్గర ఒత్తిడి అతి తక్కువ, సున్నా దగ్గర అతి ఎక్కువ. డ్రైవ్‌లో ఆ పరిధి చదరపు అంగుళానికి సుమారు 55 పౌన్ల నుంచి 190 పౌన్ల దాకా ఉంటుంది, రివర్సులో అంతకన్నా చాలా ఎక్కువకు పోతుంది. కరెంటు పోతే ఒత్తిడి తగ్గిపోయేలా చేసి ఉంటే క్లచ్ పలకలు పట్టు చాలక జారి, ఆ రాపిడికే కాలిపోయేవి. గరిష్ఠ ఒత్తిడిలో పలకలు గట్టిగా పట్టుకుంటాయి; ప్రయాణికులకు దెబ్బ తగిలినట్టు అనిపిస్తుంది కానీ గేరుబాక్సు బతుకుతుంది. పార్క్ నుంచి రివర్సుకు మార్చగానే బండి దబ్బుమని కుదిపితే, ఆపైన డ్రైవ్‌లో బరువుగా కదులుతూ గేర్లేమీ మార్చకపోతే, ఈ రెండు లక్షణాలూ కలిసి చెప్పేది ఒకటే: లోపలికి కరెంటు చేరడం లేదు, లేదా కంప్యూటరు తానే ఆపేసింది. అప్పుడు పాన్ విప్పడానికి ముందు ఫ్యూజునూ, గేరుబాక్సు పక్కన ఉండే గుండ్రటి కనెక్టరునూ చూడాలి. లోపలి సోలినాయిడ్ల వైర్లన్నీ ఆ ఒక్క కనెక్టరు గుండానే బయటికి వస్తాయి. అందులోకి ఆయిల్ ఊరినా, పిన్ను ఒకటి వంగినా, తాళం ఊడినా ఒకేసారి నాలుగైదు కోడ్లు కనబడతాయి. అన్ని సోలినాయిడ్లూ ఒకే రోజున చెడిపోవడం దాదాపు జరగదు కనుక, కోడ్లు గుంపుగా వచ్చినప్పుడు వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోటును వెతకడమే న్యాయం.

ఇక సెన్సార్లు. వేగం చెప్పే సెన్సారు ఒక అయస్కాంతం, ఒక తీగచుట్ట మాత్రమే. దానికి బయటి నుంచి కరెంటు అక్కర్లేదు. షాఫ్టు మీది 40 పళ్ల చక్రం దాని ముందు నుంచి తిరుగుతుంటే, ఒక్కో పన్ను దాటినప్పుడల్లా ఒక తరంగం పుడుతుంది. ముందు చెప్పిన హైవే లెక్కలో షాఫ్టు నిమిషానికి 2,860 చుట్లు తిరుగుతుంది కాబట్టి సెకనుకు దాదాపు 1,900 తరంగాలు కంప్యూటరుకు చేరతాయి. బండి చాలా నెమ్మదిగా కదిలేటప్పుడు ఆ తరంగాలు బలహీనంగా ఉంటాయి. చక్రానికీ సెన్సారుకూ మధ్య ఇనుప రజను పేరుకుంటే అవి ఇంకా బలహీనపడతాయి. ఈ బండ్లలో చాలావాటికి స్పీడోమీటరు కూడా ఇదే సెన్సారు మీద ఆధారపడుతుంది కనుక, గేర్లు తికమకపడుతున్న సమయంలోనే స్పీడోమీటరు ముల్లు కిందికి పడి లేస్తుంటే వెతకవలసిన చోటు తెలిసిపోయినట్టే.

ఆయిల్ వేడిని చెప్పేది థర్మిస్టరు. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది: 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 3,500 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 200 ఓమ్‌ల లోపు. దీనివల్ల మంచి సౌకర్యం ఒకటుంది. వైరు తెగితే కంప్యూటరుకు నిరోధం అనంతంగా కనిపిస్తుంది, స్కానరు మైనస్ 40 డిగ్రీల చుట్టూ చూపిస్తుంది. టెక్సస్ ఆగస్టు ఎండలో గేరుబాక్సు ఆయిల్ మైనస్ 40లో ఉందని స్కానరు అంటే, ఆ మాటకు తెగిన వైరు తప్ప మరో అర్థం ఉండదు. ఈ అంకె మీద కంప్యూటరు చాలా నిర్ణయాలు తీసుకుంటుంది. ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు టార్క్ కన్వర్టరు లాకప్‌ను ఆపి ఉంచుతుంది. ఆయిల్ మరీ వేడెక్కితే, కన్వర్టరులో జారుడు వల్ల పుట్టే వేడిని తగ్గించడానికి లాకప్‌ను మామూలుకన్నా ముందే వేస్తుంది. కనుక లాకప్ పడడం లేదని వచ్చిన బండిలో మొదట చూడవలసినది లాకప్ సోలినాయిడ్ కాకపోవచ్చు, ఈ వేడి లెక్కే కావచ్చు. ఈ థర్మిస్టరు, లీవరు ఏ స్థానంలో ఉందో ఆయిల్ ఒత్తిడిని బట్టి గుర్తించే అయిదు ప్రెషర్ స్విచ్చులు, ఒకే పలక మీద కలిసి వాల్వ్ బాడీకి బిగించి ఉంటాయి.

పరీక్షలో జనం ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది, దాన్ని కాస్త వివరంగా చెబుతాను. గేర్లు మార్చే సోలినాయిడ్ తీగచుట్ట నిరోధం 20 డిగ్రీల దగ్గర 19 నుంచి 24 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 24 నుంచి 31 ఓమ్‌లు ఉండాలి. రాగి తీగ వేడెక్కితే ప్రతి డిగ్రీకి దాని నిరోధం సుమారు 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి ఈ తేడా సహజం. అప్పుడే హైవే దిగి వచ్చిన బండిలో 29 ఓమ్‌లు చూసి సోలినాయిడ్ చెడిందనడం ఎంత తప్పో, రాత్రంతా చల్లారిన బండిలో 22 ఓమ్‌లు చూసి అది బాగుందని తేల్చేయడం కూడా అంత తప్పు. సన్నటి తీగలో వెంట్రుకవాసి చీలిక ఉంటే చల్లగా ఉన్నప్పుడు అంచులు తాకుతూ సరైన అంకె వస్తుంది. వేడెక్కి వ్యాకోచించినప్పుడు విడిపోతాయి. ఇరవై నిమిషాలు బాగా నడిచి ఆ తర్వాత మూడో గేరులో ఇరుక్కునే బండిని వేడిగా ఉన్నప్పుడే, కనెక్టరు దగ్గరే కొలవాలి. పైగా మల్టీమీటరు తీగచుట్ట గురించి మాత్రమే చెబుతుంది. గోళీ పీఠం మీద క్లచ్ పొడి ఇరుక్కుని దారి పూర్తిగా మూసుకోకపోతే ఓమ్‌లు నూటికి నూరు పాళ్లూ సరిగ్గానే ఉంటాయి, గేరు మాత్రం మారదు. కోడ్లలో ఈ తేడా ఉంది. పి0753 ‘ఏ’ అనే సోలినాయిడ్ వైరింగులో విద్యుత్ లోపాన్ని చెబుతుంది. పి0751, పి0752 అలా కాదు. విద్యుత్ పరంగా అంతా బాగుండి, అడిగిన గేరు రాలేదని చెబుతాయి. ఆ రెండో రకం కోడు వచ్చినప్పుడు దోషం సోలినాయిడ్ లోపల ఉండవచ్చు, అది కదిలించే వాల్వులో ఉండవచ్చు, వాల్వు అవతలి క్లచ్‌లో కూడా ఉండవచ్చు.

ఈ గేరుబాక్సుకు సంబంధించి అన్నిటికన్నా పేరుపడ్డ కోడు పి1870. ఒక మిత్రుడి 1997 టాహోలో అది వచ్చింది. హైవే మీద అరగంట నడిచాక ఇంజను చుట్లు పెరిగి తగ్గడం, తర్వాత పట్టణంలోకి దిగగానే ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు తల వెనక్కి కొట్టుకునేంత కుదుపు, బండి ఆపి మళ్లీ స్టార్టు చేస్తే కాసేపు ఏమీ ఎరగనట్టు నడవడం ఆ బండి లక్షణాలు. ఒక వర్క్‌షాపులో లాకప్ సోలినాయిడ్ మార్చి డబ్బు తీసుకున్నారు, లక్షణం అలాగే ఉంది. ఆ కాలపు 4ఎల్60-ఈలో కన్వర్టరు తర్వాత, గేర్లకు ముందు తిరిగే షాఫ్టు వేగాన్ని కొలిచే సెన్సారు లేదు. కంప్యూటరుకు ఇంజను చుట్లు, బయటి షాఫ్టు చుట్లు రెండే తెలుసు. లాకప్ వేసిన నాలుగో గేరులో ఇంజను 2,000 దగ్గర ఉంటే షాఫ్టు 2,860 దగ్గర ఉండాలి. షాఫ్టు 2,570 దగ్గరే ఉంటే ఎక్కడో 200 చుట్లు జారిపోతున్నాయని కంప్యూటరుకు అర్థమవుతుంది. అయితే అవి కన్వర్టరులో జారుతున్నాయో, క్లచ్‌లో జారుతున్నాయో చెప్పగల కన్ను దానికి లేదు. అందుకే ఆ కోడు భాష కూడా ఏదో భాగం జారుతోందన్నంత వరకే ఉంటుంది. జారుడు గమనించిన వెంటనే అది లాకప్‌ను ఆపి, ఒత్తిడిని గరిష్ఠానికి పెంచేస్తుంది. మిత్రుడు అసలు రోగమనుకున్న కుదుపు నిజానికి కంప్యూటరు తీసుకున్న రక్షణ చర్య.

అసలు దోషం వాల్వ్ బాడీలో దొరికింది. 1995 నుంచి ఈ గేరుబాక్సులో లాకప్‌ను ఒక్కసారిగా కాక మెత్తగా వేయడానికి, వేగంగా కొట్టుకుంటూ పనిచేసే సోలినాయిడ్ పెట్టారు. దాని ప్రతి స్పందనకూ లాకప్ ఒత్తిడిని క్రమబద్ధం చేసే వాల్వు తన అల్యూమినియం గుంతలో సూక్ష్మంగా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. వేల మైళ్ల ఊగిసలాటకు గుంత గోడ అరిగి, ఆయిల్ వాల్వు పక్క నుంచి జారిపోయి, లాకప్ క్లచ్‌కు చేరవలసిన ఒత్తిడి చేరదు. వేడెక్కిన ఆయిల్ పలచబడుతుంది కనుక లక్షణం అరగంట తర్వాతే బయటపడుతుంది. గుంతకు వాక్యూమ్ పెట్టి చూస్తే నిలవలేదు. రీమరు అనే పనిముట్టుతో ఆ గుంతను కాస్త పెద్దది చేసి, స్లీవు అనే లోహపు గొట్టం కూర్చి, కొత్త వాల్వు వేయించాక ఆ బండి కుదుటపడింది. ప్రయాణ సుఖం కోసం తెచ్చిన ఈ మార్పు చౌకైన లోహంలో అమర్చడం వల్ల ఎన్నో గేరుబాక్సులు అకాలంగా విప్పించుకోవలసి వచ్చిందని నా అభిప్రాయం. గుంతలో గట్టి లోహపు స్లీవు కర్మాగారంలోనే వేసి ఉంటే ఈ కోడు పేరు ఇంతమందికి తెలిసేది కాదు.

తర్వాత వచ్చిన గేరుబాక్సుల్లో ఈ విద్య చాలా ముందుకు పోయింది. 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో వచ్చిన జెడ్‌ఎఫ్ ఆరు గేర్ల గేరుబాక్సులో కంప్యూటరే వాల్వ్ బాడీతో కలిసి ఆయిల్‌లో కూర్చుంది. మన దగ్గర తిరిగే ఇన్నోవా క్రిస్టా ఆరు గేర్ల ఆటోమేటిక్‌లో సోలినాయిడ్లు క్లచ్‌ల ఒత్తిడిని అంచెలంచెలుగా నియంత్రించగల లీనియర్ రకానివి. 2014లో సెలెరియోతో మన రోడ్ల మీదికి వచ్చిన ఏఎంటీ మాత్రం వేరే జాతి. అది మాన్యువల్ గేరుబాక్సుకే యంత్రపు చేతులు తగిలించిన ఏర్పాటు, దానికి టార్క్ కన్వర్టరు లేదు, ఇక్కడ చెప్పిన లెక్కలు నేరుగా వర్తించవు. కరెంటు పోతే ఏ గేరులో నిలుస్తుందన్నది కూడా మోడల్‌ను బట్టి మారుతుంది.

కనుక హైదరాబాదులోనైనా, హ్యూస్టన్‌లోనైనా సోలినాయిడ్ మార్చాలని వర్క్‌షాపువారు చెప్పినప్పుడు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవడం మంచిది. వచ్చిన కోడు విద్యుత్ లోపానిదా, పనితీరుదా? సోలినాయిడ్ నిరోధాన్ని ఏ వేడి దగ్గర కొలిచారు? కరెంటు తీసేసినప్పుడు బండి ఆ మోడల్‌కు ఉండవలసిన గేరులోనే నిలిచిందా? పాన్ విప్పి ఉంటే అడుగున దొరికినది మెత్తటి బూడిదరంగు పొడా, మెరిసే లోహపు తునకలా? పొడి కొద్దిగా ఉండడం సహజం, పాన్‌లోని అయస్కాంతం ఉన్నదే దానికోసం. తునకలు దొరికితే మాత్రం కొత్త సోలినాయిడ్ వేసినా అదే చెత్త కొద్ది రోజుల్లో దాని దారినీ మూసేస్తుంది. అప్పుడు డబ్బు పెట్టవలసినది గేరుబాక్సు పూర్తి మరమ్మతుకూ, కూలరు గొట్టాలను కడిగించడానికీ.